నిప్పుకు ముందు కేక

ఆ వెల్డింగ్ షెడ్డులో ఉన్నది ఒకటే చట్టం. రాడ్డు కొస ఇనుముకు తగిలించే ముందు గొంతెత్తి "కళ్ళు!" అని అరవాలి. ఆ కేక వినపడగానే షెడ్డులో ఉన్నవాళ్ళంతా, చేతిలో ఏ పనున్నా సరే, మొహం పక్కకు తిప్పుకోవాలి. ఆ తర్వాతే నిప్పు. కేక లేకుండా నిప్పు పుట్టించినవాళ్ళను ముసలి మేస్త్రి మొహమాటం లేకుండా బయటికి నడిపించేవాడు. ఆదివారాలు సరదాగా పని నేర్చుకోవడానికి వచ్చే పళ్ళ డాక్టరు గారినే ఒక పూటంతా గుమ్మం బయట నిలబెట్టాడంటే ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది!

"మనిషి ఉన్నా లేకపోయినా అరవాలమ్మా," అని మేస్త్రి టైలరమ్మకు మొదటి రోజే చెప్పాడు. "ఎవరూ లేరు కదా అని ఊరుకుంటావా, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. ఎవరూ లేకపోతే గోడకే చెప్పు. పోయేదేముంది, గొంతేగా."

టైలరమ్మకు ఆ గొంతు తెచ్చుకోవడమే గగనమైపోయింది. వేడికి ఓర్చుకుంది. రవ్వలు చేతి మీద పడితే దులుపుకుంది. మందపాటి తోలు గ్లవుజుల్లో చిన్న చేతులు దోపి అవస్థ పడింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క కేక ఒక ఎత్తు. మొదటిసారి ఆమె "కళ్ళు" అన్నది పక్కనే ఉన్న డాక్టరుకు కూడా వినపడలేదు.

"అన్నారా, అనుకున్నారా?" అని అడిగాడాయన. జనం చేత నోరు తెరిపించడం ఆయనకు వృత్తి. "ఏదీ, నోరు బాగా తెరవండి. ఇంకొంచెం. ఆఁ... ఇప్పుడు అనండి."

మేస్త్రి పడీ పడీ నవ్వాడు. టైలరమ్మ నవ్వలేదు. నవ్వాలని ఆమెకూ తెలుసు. పెదవులు కదలలేదు, అంతే. మళ్ళీ "కళ్ళు" అంది, కాస్త పైకి.

ఆమె ఈ షెడ్డుకు రావడమే ఒక చోద్యం. ఇంట్లో గుమ్మం పక్కన ఒక స్టూలు ఉండేది. ఇనప కాళ్ళు, ఇనప చట్రం, దాని మీద చెక్క పీట. భర్త పొద్దున్నే దాని మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకునేవాడు. ఆయన పోయినప్పుడు వచ్చిన జనంలో ఆయన అక్కగారు దాని మీద కూలబడింది. కాస్త భారీ మనిషి. ఒక కాలు పుటుక్కున ఊడి, ఆవిడ ఆ ఏడుపులోనే నేల మీదికి జారింది. అందరూ లేవదీయడానికి పరిగెత్తారు. టైలరమ్మ మాత్రం ఊడిన కాలు తీసుకెళ్ళి తలుపు వెనక నిలబెట్టింది. చాలా రోజులకు ఆ కాలూ స్టూలూ పట్టుకుని మేస్త్రి దగ్గరికి వచ్చి అతికించమంది. ఆయన ఇప్పుడు తీరిక లేదన్నాడు. "అయితే నేనే అతుకుతాను, నేర్పుతారా?" అని అడిగింది. అడిగాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. మేస్త్రి ఆమెను ఎగాదిగా చూసి, ఆదివారం రమ్మన్నాడు.

స్టూలు జోలికి మాత్రం పోనివ్వలేదు. మేస్త్రి పనికిరాని ఇనప ముక్కలు ఆమె ముందు పడేశాడు. మొదట్లో రాడ్డు ఇనుముకు అంటుకుపోయి, పీకితే ఊడొచ్చేది కాదు. అంటుకోకుండా చేస్తే ఆరిపోయేది. అదీ కుదిరాక, ఆమె గీసిన గీత వానపాము పాకినట్టు అష్టవంకరలు పోయేది.

"మిషను మీద గుడ్డను నువ్వు లాగుతావా?" అని అడిగాడు మేస్త్రి.

"లాగను. లాగితే ముడతలొస్తాయి. దానంతటదే నడుస్తుంది, నేను ఊరికే దారి చూపిస్తాను."

"మరి ఇక్కడెందుకు లాగుతున్నావు?"

ఆ మాట పట్టుకుని నెమ్మదిగా నడిపితే ఒక ఆదివారం నిజంగానే గీత కుదిరింది. చక్కగా, పొలుసులు పొలుసులుగా. డాక్టరు వంగి చూసి శభాష్ అన్నాడు. మేస్త్రి మాత్రం ఆ ముక్కను బిగించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. అందమైన ఆ గీత మొత్తం ఎండిన పుండు మీద పెచ్చులా ఊడి కింద పడింది.

"పైన కూర్చుంది. లోపలికి దిగలేదు," అన్నాడు. "రెండు ఇనుములూ కరిగితేనే అతుకు. లేకపోతే ఇది పైపూతే. మళ్ళీ చెయ్యి."

ఆమె ఏమీ అనుకోలేదు. మళ్ళీ చేసింది. ఆమెకు ఆ నల్లద్దం ముసుగు బాగా నచ్చింది. అది దించుకుంటే షెడ్డు లేదు, వీధి లేదు, మనుషులు లేరు. చొక్కా గుండీ అంత పచ్చని వెలుగు మడుగు ఒకటి, దాని అంచున కదులుతున్న ఇనుము. ఆ కాసేపు ఆమె మొహం ఎలా ఉందో ఎవరూ చూడరు. ఇంట్లో ఆ సుఖం లేదు. ఇంట్లో కూతురు చూస్తుంది.

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. అవతల ఆడపడుచు, భర్త అక్కగారు. ఆవిడ గొంతు స్పీకరు పెట్టకపోయినా వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది.

"ఆదివారం సాయంత్రం వస్తున్నానమ్మాయ్. పిల్లను నాతో తీసుకుపోతాను. నాతో ఫోన్లో అంతా చెప్పింది. ఇక్కడే చదువుకుంటుంది, నా దగ్గరే ఉంటుంది. నీకేమైనా అభ్యంతరమా?"

టైలరమ్మ పొయ్యి మంట తగ్గించింది. "దాని ఇష్టం వదినా."

"దాని ఇష్టమేనా? నీకేం ఇష్టాలు లేవా?" అంది అక్కగారు. "నాకు నీ మీద కోపం లేదమ్మాయ్. కానీ అర్థం కావు. తమ్ముణ్ణి తీసుకుపోతుంటే ఊరంతా గుండెలు బాదుకుంటే నువ్వు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. ఒక్క చుక్క, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అది పిల్ల మనసులో ఉండిపోయింది. పసిది, దానికేం తెలుస్తుంది, నువ్వే చెప్పు."

పసిదేం కాదు, పంతొమ్మిదేళ్ళది. గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటోంది. ఫోన్ పెట్టేశాక తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వెళ్తాను," అంది కూతురు.

"సరే. సూట్‌కేసు అలమారా పైన ఉంది. జిప్పు కాస్త పట్టేస్తుంది, కొవ్వొత్తి రుద్దుకో."

"అంతేనా?"

"ఇంకేం అనమంటావు?"

కూతురు మొహం ఎర్రబడింది. చాలా రోజులుగా నాలుక మీద ఉన్నదాన్ని ఇక మింగలేక కక్కేసినట్టు అంది. "నాన్నకు అలా అయిందని షాపుకు ఫోన్ వచ్చాక, నువ్వు ఎవరిదో ప్యాంటు అంచు కుట్టడం పూర్తి చేసి, మడత పెట్టి, చేతికిచ్చి మరీ బయల్దేరావట. షాపు యజమానురాలు చెప్పింది. నిజమేనా?"

"నిజమే."

"నిజమే అంటావేంటమ్మా! అంత తాపీగా?"

అబద్ధమని చెప్పడానికి అది అబద్ధం కాదు. ఎందుకని చెప్పబోతే, తన మొహం మీదే గుచ్చినట్టున్న ఆ రెండు కళ్ళు. ఏడుస్తుందా, ఏడవదా, ఇప్పుడైనా, ఇప్పుడైనా అని నెలల తరబడి కాపు కాసిన కళ్ళు. వాటి ముందు టైలరమ్మకు మొహం కొయ్యబారిపోతుంది. కూతురు లోపలికెళ్ళి గడియ వేసుకుంది. తల్లి పొయ్యి మంట మళ్ళీ పెంచి, అన్నం ఉడికిందో లేదో చూసింది. పిల్ల వెళ్ళిపోతుంది అని తనలో తను అనుకుంది. వెళ్ళిపోతే ఇక రాదు అని కూడా అనుకుంది. ఎక్కడో నొప్పి ఉండాలి కదా అని వెతికితే దొరకలేదు. అందుకే ఆమెకు భయమేసింది.

ఆదివారం పొద్దున్న ఇంట్లోంచి బయటపడేసరికి కూతురి గది తలుపు మూసే ఉంది. షెడ్డులో మేస్త్రి ఆ వేళ ఎందుకో హుషారుగా ఉన్నాడు. మూలనున్న స్టూలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ దీని పని చూడు. ముందు టాకాలు వెయ్యి. టాకా అంటే ఒక్క చుక్క అతుకు. ఊరికే కాలు నిలబడడానికి. నాలుగు వైపులా నాలుగు పడ్డాక, కాలు నిటారుగా ఉందని నేను చూశాక, అప్పుడు పూర్తి అతుకు."

"కచ్చా కుట్టు," అంది టైలరమ్మ.

"ఆఁ, అదే. నీ భాషలో అదే." మేస్త్రి డాక్టరు భుజం తట్టాడు. "పదండి, టీ తాగొద్దాం. టాకాలకు కాపలా ఎందుకు."

షెడ్డులో ఆమె ఒక్కతే మిగిలింది. స్టూలును తిరగేసి, ఊడిన కాలును దాని చోట నిలబెట్టింది. ముసుగు దించుకుంది. అంతా చీకటి, రాడ్డు కొస ఎక్కడుందో కనపడలేదు. గుడ్డిగా తగిలిస్తే కాలు పక్కకు జారింది. ముసుగు పైకెత్తి, కాలు సర్ది, మళ్ళీ దించితే మళ్ళీ జారింది. రెండు చేతులూ చాలడం లేదు. ఈ తంటా అంతా దేనికి, టాకాయే కదా, కళ్ళు చిట్లిస్తే సరిపోదూ అనుకుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అందరూ చేసే తప్పే, ఆమె కొత్తేమీ కనిపెట్టలేదు. ముసుగు తీసి బల్ల మీద పెట్టింది.

కేక వేయాలి. గుమ్మం వైపు చూసింది. ఖాళీ. గోడ వైపు చూసింది. గోడకేం చెబుతాంలే అని రాడ్డు తగిలించింది.

తెల్లటి వెలుగు చిటుక్కుమని పుట్టి ఆరింది. ఒక టాకా. కాలు ఒక పక్కకు ఒరిగినట్టనిపించి, సుత్తితో కొట్టి ఊడదీసి మళ్ళీ వేసింది. రెండోది. దాన్నీ ఊడదీసింది. అంచు సమంగా రాకపోతే విప్పి కుట్టే చెయ్యి అది, ఒక పట్టాన ఒప్పుకోదు. "ఉండు. ఉండవయ్యా, కదలకు. అయిపోయింది, ఇంకొక్కటే," అంటోంది కాలుతో. పైకే అంటోందని ఆమెకు తెలియదు. అలా ఎంతసేపు చేసిందో, ఎన్నిసార్లు వెలిగిందో ఆరిందో. చివరికి స్టూలును మళ్ళీ తిప్పి కాళ్ళ మీద నిలబెట్టి, చేత్తో ఊపి చూసి, నడుము నిటారుగా చేసి తలెత్తింది.

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది.

"ఎంతసేపైంది వచ్చి?"

"అలమారా తాళం చెవి నీ సంచిలో వచ్చేసింది. బట్టలు సర్దుకోవాలి."

టైలరమ్మ గ్లవుజులు విప్పి తాళం చెవి తీసిచ్చింది. కూతురు తీసుకుంది గానీ వెంటనే కదలలేదు. "నాన్న స్టూలా?"

"ఆఁ."

ఇంకేదో అడుగుతుందనిపించింది. అడక్కుండానే వెళ్ళిపోయింది. ఆమె ఎదురుగా ఎండలో నడిచిపోతుంటే తల్లి వీధి మలుపు దాకా చూసింది.

మేస్త్రి వచ్చీ రాగానే బల్ల మీది ముసుగును చూశాడు. దాని మీద చెయ్యి పెట్టాడు. "ముసుగేమో ఇక్కడుంది, టాకాలేమో అక్కడున్నాయి. ఏంటమ్మా ఇది?"

"టాకాలే కదా అని..."

"అరిచావా?"

"ఎవరూ లేరని ఊరుకున్నాను."

"ఎవరూ రాలేదా?"

"మా అమ్మాయి వచ్చింది. ఎప్పుడొచ్చిందో చూడలేదు."

మేస్త్రి తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన స్టూలు మీది మచ్చలన్నీ వేలితో తడిమి చూశాడు, ఊడదీసినవీ నిలిచినవీ అన్నీ. "చాలాసార్లే వెలిగించావు," అన్నాడు మెల్లగా. "ఇప్పుడేం తెలీదు. ఈ వెలుగుకు అదే రోగం. తగిలినప్పుడు ఏమీ ఉండదు, హాయిగా తిరుగుతారు. సాయంత్రానికి చూడు, కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టుంటుంది. ఇద్దరికీ. చీకట్లో పడుకోండి. తడి గుడ్డలు వేసుకోండి. నలపనివ్వకు పిల్లను. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే కళ్ళాసుపత్రికి పరిగెత్తండి."

డాక్టరు అప్పటికే ఫోన్ తీశాడు. "నాది పళ్ళ డిపార్టుమెంటే గానీ, తెలిసిన కళ్ళ డాక్టరున్నాడు. చుక్కల మందు కనుక్కుంటానుండండి."

ఆమె మందు కొనుక్కుని ఇంటికొచ్చి, కూతురి గది తలుపు మీద తట్టింది. "అమ్మడూ, కళ్ళు మండితే చెప్పు. దాచుకోకు."

"ఎందుకు మండుతాయి?" లోపల అలమారా తలుపు కిర్రుమంది.

చెప్పింది. తను కేక వేయలేదని కూడా చెప్పింది.

"నాకేం కాలేదు," అంది లోపలి గొంతు. జిప్పు పట్టేసి, మళ్ళీ కదిలిన చప్పుడు.

దీపాలు పెట్టే వేళకు తలుపు దానంతటదే తెరుచుకుంది. కూతురు గోడ పట్టుకుని వచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి, రెప్పల కిందనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "అమ్మా, ఇసుక పడ్డట్టుందే. తెరవలేకపోతున్నాను. అమ్మా!"

టైలరమ్మకూ అప్పటికే మొదలైంది. ఒక కన్ను సగం తెరిచి, ఆ పొగమంచులోనే బిందెలో గుడ్డలు ముంచి పిండింది. కూతుర్ని తన గదిలోకి నడిపించి మంచం మీద పడుకోబెట్టింది. కిటికీ తెరలు లాగింది. చుక్కల మందు వేయబోతే సగం చెంప మీదే పడింది. "నలపకు. చెయ్యి తియ్యి. నలిపితే ఇంకా ఎక్కువవుతుంది," అంటూ తడి గుడ్డ మడిచి కళ్ళ మీద పెట్టింది. ఆ పైన తనూ పక్కనే వాలి, తన కళ్ళ మీద ఇంకోటి వేసుకుంది. గుడ్డల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి, దిండులోకి కారుతూనే ఉన్నాయి. ఎంత కారాలో అంతా కారుతున్నాయి, ఆపడం ఎవరి తరం కాదు.

"నా వల్లే," అంది టైలరమ్మ చీకట్లోకి. "గుమ్మంలో నిలబడితే నీకు వెలుగు కొడుతుందని తెలియలేదూ? ఒక్కసారి చూసి వెనక్కి తిరగకూడదూ?"

"నేను వెలుగును చూడలేదు."

"మరి?"

"నిన్ను చూశాను. ముసుగు లేదుగా. అది వెలిగినప్పుడల్లా నీ మొహం కనపడింది. దానితో ఏదో మాట్లాడుతున్నావు. బతిమాలుతున్నావు. నాన్న పోయాక నీ మొహంలో ఏదైనా కదలడం నేను చూడడం అదే మొదలు. మళ్ళీ వెలుగుతుందా, మళ్ళీ కనపడుతుందా అని నిలబడిపోయాను."

బయట వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. టైలరమ్మ తన గుడ్డ వేడెక్కితే తీసి, తిరగేసి వేసుకుంది. కూతురు గుడ్డ కూడా తడిమి తిరగేసింది.

"అమ్మా. ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ అంచు ఎందుకు కుట్టావు?"

అదే ప్రశ్న. అదే గొంతు. కానీ ఈసారి చూసే కళ్ళు లేవు. ఆ కళ్ళ మీద తడి గుడ్డ ఉంది, తన కళ్ళ మీదా ఉంది. తన మొహం ఎలా ఉన్నా ఈ గదిలో ఎవరికీ కనపడదు. నోరు దానంతటదే కదిలింది.

"ఫోన్లో అయిపోయిందన్నారు. సూది గుడ్డలో ఉంది. ఈ కుట్టు అయిపోతే లేవాలి కదా అనిపించింది. లేస్తే చెప్పులేసుకోవాలి. చెప్పులేసుకుంటే వెళ్ళాలి. వెళ్తే చూడాలి. చూస్తే నిజమైపోతుంది. కుడుతున్నంతసేపూ ఇంకా కాలేదు అన్నట్టుండేది." ఆమె గొంతు మామూలుగానే ఉంది, షాపులో కొలతలు చెప్పినట్టు. "అందుకని కుట్టాను. అయిపోతే విప్పాను. మళ్ళీ కుట్టాను. మళ్ళీ విప్పాను. మా షాపామెకు అది తెలీదు. చివరికి దారం కండె అయిపోయింది. ఇక చేసేది లేక మడత పెట్టి ఇచ్చాను."

కూతురు కళ్ళ మీది గుడ్డను అదిమి పట్టుకుంది.

"ఆ తర్వాత ఇంకేదీ నిజంలా లేదు అమ్మడూ. అందరూ ఏడుస్తున్నారు, నాకు ఏడవాలని ఉంది. రాలేదు. నువ్వు నన్నే చూస్తున్నావు. నువ్వు చూసేకొద్దీ అది ఇంకా లోపలికి పోయింది. నాకు మీ నాన్నంటే..." అక్కడ ఆగింది. "అది నీకు తెలుసు."

"తెలీదు. అందుకేగా ఇదంతా," అంది కూతురు. చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది. అక్కడ రవ్వ పడి బొబ్బెక్కిన చోటు తగిలి టైలరమ్మ ఉలిక్కిపడింది గానీ, చెయ్యి లాక్కోలేదు.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. "ఏమర్రా, ఇల్లంతా ఈ చీకటేంటి? ఎక్కడున్నారు?" అంటూ వచ్చి టక్కున గదిలో లైటు వేసింది.

"అబ్బా, లైటు!" ఇద్దరూ ఒకేసారి అరిచి మొహాలు కప్పుకున్నారు. గుడ్డలు జారిపోయాయి. వాచిపోయి ఎర్రబడ్డ రెప్పలు, చెంపల నిండా నీళ్ళు, తడిసి ముద్దైన దిండ్లు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తల్లీ కూతుళ్ళు.

అక్కగారి చేతి సంచి కింద పడింది.

"అయ్యో నా తల్లీ! ఇప్పటికి ఏడ్చావా!" అంటూ వచ్చి మంచం మీద కూలబడి మరదల్ని గుండెకు హత్తుకుంది. "ఏడువు. కడుపారా ఏడువు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నావే ఇంత దుఃఖం? నిన్ను పట్టుకుని రాయి అన్నాను, బండ అన్నాను, నా నోరు పడిపోను! తమ్ముడు ఎక్కడున్నా చూసి ఉంటాడే..." ఆవిడా బావురుమంది.

టైలరమ్మ ఆ పెద్ద ఒడిలో ఊపిరాడక ఉంది. ఆమెకు అంతా అర్థమైంది. తను ఇప్పుడేమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు, ఊరుకోవడం తనకు వచ్చిన విద్యే. ఈ నీళ్ళతో అన్నీ కడుక్కుపోతాయి. ఈ రాత్రికే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి, పాపం ఆ పిచ్చిది లోలోపల ఎంత కుమిలిపోయిందో అని. ఇక ఎవరూ తన మొహం వంక అలా చూడరు. చెప్పాలా? చెప్పి ఏం లాభం?

"అది ఏడుపు కాదత్తా," అంది కూతురు.

"ఏంటే?"

"వెల్డింగు. పొద్దున అమ్మ ముసుగు లేకుండా వెలిగించింది, నేను చూస్తూ నిలబడ్డాను. ఇద్దరికీ కళ్ళు కాలాయి. ముందు ఆ లైటు ఆర్పు."

అక్కగారు లేచి లైటు ఆర్పింది. చీకట్లో ఆవిడ ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది. "మరి... మరి ఇంతసేపూ ఏడుస్తోందనుకున్నానే. ఏడవలేదా?"

"లేదు. అమ్మ ఏడవలేదు. ఏడవకపోతే పోయింది." కూతురు గుడ్డ మళ్ళీ కళ్ళ మీద వేసుకుంది. "నువ్వూ నేనూ ఆ చుక్క కోసమే కాపు కాశాం. నాకిక అది అక్కర్లేదు. నాకు కావలసింది నేను అడిగాను, అమ్మ చెప్పింది. నీకు కావాలంటే నువ్వూ అడుగు. కళ్ళు మూసుకుని అడుగు, అప్పుడు చెబుతుంది."

ఆవిడ అడగలేదు. ఆ చీకట్లోనే తడుముకుని కింద పడ్డ చేతి సంచి తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత చీర్‌మని ముక్కు చీదుకుని, "ఆ గుడ్డలు ఇలా ఇవ్వండి, వేడెక్కిపోయాయి," అని బిందె వెతుక్కుంటూ వెళ్ళింది. తెల్లారే దాకా గుడ్డలు తడుపుతూ పిండుతూ ఆ ఇద్దరికీ మధ్యలో కూర్చుంది. తనలో తను ఏదో సణుక్కుంటూనే ఉంది. గుడ్డ మార్చిన ప్రతిసారీ, "మనుషులు చేసే పనేనా ఇది, నిప్పుతో ఆటలు," అని తిట్టింది. మరదలి తలను మాత్రం ఒక్కసారి, చూసుకోనట్టే, చేత్తో నిమిరింది.

మంగళవారానికి ఇద్దరికీ చూపు కుదుటపడింది. సూట్‌కేసు గుమ్మం దగ్గర నిలబడే ఉంది. అక్కగారు బయల్దేరుతూ దాని వైపు చూసింది, పిల్ల వైపు చూసింది.

"స్టూలు పూర్తవనీ అత్తా," అంది కూతురు. "ఆ తర్వాత చూద్దాం."

"ఏం స్టూలు?"

"నువ్వు విరగ్గొట్టిందే."

"నేను విరగ్గొట్టానా! అది ముందే విరిగి ఉంది, నేను ఊరికే కూర్చున్నాను," అని అక్కగారు రిక్షా వచ్చే దాకా వాదించి, ఒక్కతే ఎక్కి వెళ్ళింది. మధ్యాహ్నం టైలరమ్మ షాపు నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర సూట్‌కేసు లేదు. గబగబా లోపలికి వెళ్ళి చూసింది. అలమారా పైన ఉంది, ఖాళీగా, జిప్పు సగం తీసి. ఆమె కింద నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. సంతోషం వేయాలి. వేసిందో లేదో తెలియలేదు గానీ, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయింది.

ఆదివారం ఇద్దరూ కలిసి షెడ్డుకు వెళ్ళారు. మేస్త్రి చట్టం ప్రకారం టైలరమ్మను ముందు బయట నిలబెట్టాడు. ఎండలో, గుమ్మం పక్కన, డాక్టరు నిలబడిన చోటే. డాక్టరు లోపల్నుంచి చెయ్యి ఊపాడు. కూతురు కూడా వచ్చి తల్లి పక్కన నిలబడింది. "నిన్ను కాదమ్మా, ఆవిడ్ని," అన్నాడు మేస్త్రి. "నేనూ చూశాగా," అంది కూతురు. ఆయన ఇంకేమీ అనలేక, శిక్షాకాలం తగ్గించి ఇద్దర్నీ లోపలికి పిలిచాడు.

స్టూలు తిరగేసి బల్ల మీద ఉంది. నాలుగు టాకాలూ నిలిచే ఉన్నాయి. మేస్త్రి మూలమట్టం పెట్టి చూసి, తల ఊపాడు. టైలరమ్మ గ్లవుజులు తొడుక్కుంది. హోల్డరులో కొత్త రాడ్డు బిగించింది. రాడ్డు కొసను కాలి మూలకు దగ్గరగా తెచ్చి, ఆ చోటు గుర్తు పెట్టుకుని, ముసుగు దించుకుంది.

ఆమె ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"కళ్ళు!"

రేకుల కప్పు ఖంగుమంది. డాక్టరు చేతిలో ముక్క జారి పడింది. మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. గుమ్మం పక్కన బెంచీ మీద కూతురు రెండు చేతులతోనూ కళ్ళు మూసుకుంది.

పచ్చని మడుగు పుట్టింది. ఈ పక్క ఇనుమూ ఆ పక్క ఇనుమూ కరిగి ఒకదానిలోకి ఒకటి దిగే దాకా ఆమె తొందరపడలేదు. లాగలేదు. ఊరికే దారి చూపించింది. ఒక వైపు అయ్యాక ఇంకో వైపు, అక్కడి నుంచి ఇంకో వైపు, మళ్ళీ మళ్ళీ కేక వేస్తూ, కాలు చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చింది. బొడిపెలా మిగిలిన రాడ్డును తీసేసి, హోల్డరును కొక్కేనికి తగిలించింది.

మేస్త్రి పైన కట్టిన మడ్డి పెచ్చు రాలగొట్టి, సుత్తెత్తి అతుకు మీద బలంగా ఒకటి వేశాడు. ఇంకొకటి వేశాడు. కాలు కదలలేదు.

"దిగింది," అన్నాడు. ఆమె మొహం చూద్దామని తిరిగాడు.

టైలరమ్మ ముసుగు ఎత్తలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. ముసుగు లోపల గడ్డం దాకా తడి. ముక్కు పక్కనుంచి, పెదవుల మీదుగా, మెడ మీదికి. ఈసారి కళ్ళలో ఇసుక లేదు, మంట లేదు. భుజాలు ఒక్కటే ఎగిరెగిరి పడుతున్నాయి. మేస్త్రి సుత్తిని చప్పుడు కాకుండా కింద పెట్టి, డాక్టరు చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

"అమ్మా, అయిపోయిందా?" అని అడిగింది కూతురు. చేతులు ఇంకా కళ్ళ మీదే ఉన్నాయి. "తెరవొచ్చా?"

"ఇంకొంచెం," అంది టైలరమ్మ ముసుగులోంచి. "ఇంకొంచెం ఆగు అమ్మడూ."